నథానియెల్ క్లైట్‌మన్

నథానియెల్ క్లైట్‌మన్ (ఏప్రిల్ 26, 1895 - ఆగష్టు 13, 1999) రష్యా సామ్రాజ్యంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. ఆధునిక నిద్రా పరిశోధనకు ఈయనను ఆద్యుడిగా పరిగణిస్తారు. షికాగో విశ్వవిద్యాలయంలో సుమారు 35 సంవత్సరాల పాటు నిద్రనే ప్రధాన విషయంగా తీసుకుని పరిశోధనలు సాగించాడు. నిద్రలో కళ్ళు వేగంగా కదిలే దశ ఒకటి ఉన్నదని 1953లో తన శిష్యుడు యూజీన్ ఆసెరిన్‌స్కీతో కలిసి లోకానికి తెలియజేశాడు. ఈ దశనే రెమ్ నిద్ర అంటారు.

నిద్రను పరికరాలతో కొలవటం, నిద్ర లేచిన మనిషిని ప్రశ్నించి తెలుసుకోవటం అనే రెండు పద్ధతులనూ క్లైట్‌మన్ తన ప్రయోగశాలలో పక్కపక్కనే నడిపించాడు. ఈ రెండింటి ఫలితాలు అన్నివేళలా ఏకీభవించవు. ముఖ్యంగా 80 ఏళ్ళు దాటిన వృద్ధుల విషయంలో ఈ తేడా నేటికీ వైద్యులకు చిక్కు సమస్యగానే ఉంది. ఈయన స్వయంగా 104 సంవత్సరాలు జీవించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

క్లైట్‌మన్ 1895లో బెస్సరేబియా ప్రాంతంలోని కిషినేవ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో భాగమైన ఈ నగరం ఇప్పుడు చిసినావ్ పేరుతో మాల్డోవా దేశానికి రాజధానిగా ఉంది. ఈయన బాల్యంలోనే, 1903లో, కిషినేవ్‌లో యూదులపై ఘోరమైన ఊచకోత జరిగింది. తరువాతి సంవత్సరాలలో అనేక యూదు కుటుంబాల యువకులు దేశం విడిచి వెళ్ళారు. క్లైట్‌మన్ కూడా 1912లో పాలస్తీనాకు వెళ్ళాడు. అక్కడి నుండి చదువు కోసం బేరూత్ చేరుకున్నాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. రష్యా పౌరుడైన ఈయన అట్టోమన్ సామ్రాజ్యంలో ఉండే వీలు లేకపోయింది. 1915లో, 20 ఏళ్ళ వయసులో, చేతిలో డబ్బు లేకుండా న్యూయార్క్ నగరంలో అడుగుపెట్టాడు.

న్యూయార్క్ సిటీ కళాశాల నుండి 1919లో పట్టభద్రుడయ్యాడు. 1920లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టా పొందాడు. 1923లో షికాగో విశ్వవిద్యాలయం ఈయనకు డాక్టరేటు ఇచ్చింది. అక్కడి శరీరధర్మ శాస్త్ర విభాగానికి అప్పట్లో ఆంటన్ జె. కార్ల్‌సన్ నాయకత్వం వహించేవాడు. కొంతకాలం ఐరోపాలో పరిశోధన చేసి వచ్చిన తరువాత, 1925లో షికాగో విశ్వవిద్యాలయంలోనే అధ్యాపకుడిగా చేరాడు.

జాగరణ ప్రయోగాలు

క్లైట్‌మన్ పరిశోధన ప్రారంభించే నాటికి నిద్రను ఒక స్వతంత్ర శాస్త్ర విషయంగా ఎవరూ చూడలేదు. మెలకువ ఆగిపోతే మిగిలేది నిద్ర అని భావించేవారు. మెలకువగా ఉన్నంతసేపు శరీరంలో ఒక విషపదార్థం పేరుకుంటుందని, అది హద్దు మీరినప్పుడు నిద్ర వస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ పియెరాన్ 1913లో ప్రతిపాదించాడు.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించటానికి క్లైట్‌మన్ తన మీద, కొందరు స్వచ్ఛంద సేవకుల మీద ప్రయోగాలు చేశాడు. రోజుల తరబడి నిద్ర లేకుండా ఉండి నాడి, ఉష్ణోగ్రత, రక్తపోటు, స్పందన వేగం మొదలైనవాటిని నమోదు చేశారు. ఇలాంటి ప్రయోగాలలో వంద గంటలకు పైగా మెలకువగా ఉన్న సందర్భాలున్నాయి. విషపదార్థం పేరుకోవటమే కారణమైతే, మెలకువగా గడిపిన ప్రతి గంటకూ మగత పెరుగుతూ పోవాలి. కానీ అలా జరగలేదు. రాత్రంతా జాగారం చేసినవారు అర్ధరాత్రి దాటాక కూర్చున్న చోటనే తూలిపోయారు. తెల్లవారిన తరువాత, ఇంకా ఎక్కువ గంటలు నిద్ర పోగొట్టుకున్నప్పటికీ, తేరుకుని మామూలుగా పనులు చేసుకోగలిగారు. శివరాత్రి జాగరణ చేసినవారికి ఈ అనుభవం తెలిసినదే. దీనినిబట్టి నిద్రకు అలసట ఒక్కటే కారణం కాదని, శరీరంలో రోజువారీ లయ ఒకటి ఉన్నదని క్లైట్‌మన్ గ్రహించాడు. శరీర ఉష్ణోగ్రత పగలు పెరిగి రాత్రి తగ్గుతుందని, మనిషి చురుకుదనం కూడా దానిని అనుసరించి హెచ్చుతగ్గులకు లోనవుతుందని ఆ తరువాతి సంవత్సరాలలో వివరించాడు.

మామత్ గుహ ప్రయోగం

ఈ రోజువారీ లయ సూర్యుని వెలుగుపై ఆధారపడినదా, లేక శరీరంలోనే ఉన్నదా అనే ప్రశ్నకు సమాధానం వెతుకుతూ క్లైట్‌మన్ 1938లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉన్న మామత్ గుహలోకి వెళ్ళాడు. ఈయనకు తోడుగా విద్యార్థి బ్రూస్ రిచర్డ్‌సన్ వెళ్ళాడు. గుహలో వెలుగు లేదు, శబ్దం లేదు. ఉష్ణోగ్రత రాత్రింబగళ్ళు 12 డిగ్రీల సెల్సియస్ వద్ద స్థిరంగా ఉండేది. ఎలుకల బాధ తప్పించుకోవటానికి పొడవైన కోళ్ళున్న మంచాలు ఏర్పాటు చేసుకున్నారు. ఇద్దరూ 32 రోజుల పాటు అక్కడ నివసించారు.

గుహలో వారు రోజుకు 24 గంటలకు బదులు 28 గంటలు చొప్పున కాలాన్ని విభజించుకున్నారు. 9 గంటలు నిద్రకు, మిగిలిన 19 గంటలు పనికి, విశ్రాంతికి కేటాయించారు. ఈ లెక్కన వారానికి ఆరు రోజులే వస్తాయి. క్లైట్‌మన్ కంటే సుమారు 20 ఏళ్ళు చిన్నవాడైన రిచర్డ్‌సన్ కొద్దిరోజులలోనే కొత్త పద్ధతికి అలవాటు పడ్డాడు. అతని శరీర ఉష్ణోగ్రత 28 గంటల లయను అనుసరించింది. 43 ఏళ్ళ క్లైట్‌మన్ శరీరం మాత్రం పాత 24 గంటల లయను వదలలేదు. నిద్రకు కేటాయించిన సమయం పగటి లయతో కలిసిన రోజులలో ఈయనకు నిద్ర పట్టేది కాదు.

ఈ ప్రయోగం పత్రికలలో విశేషంగా ప్రచారం పొందింది. ఇద్దరు మనుషులతో చేసిన ప్రయోగం కనుక దాని నుండి వయసు ప్రభావం గురించి గట్టి నిర్ణయానికి రావటం సాధ్యం కాలేదు. అయితే 28 గంటల రోజు అనే ఉపాయం శాస్త్రంలో నిలిచిపోయింది. 1999 జూన్‌లో ఛార్లెస్ సీస్లర్ బృందం ఇదే ఉపాయంతో యువకులను, వృద్ధులను పరీక్షించి మనిషి జీవగడియారం ఆవృత్తి సగటున 24 గంటల 11 నిమిషాలని ప్రకటించింది. ఆరోగ్యవంతులైన వృద్ధులలోనూ ఈ ఆవృత్తి యువకులలో మాదిరిగానే ఉన్నదని తేలింది. ఈ ఫలితం వెలువడిన రెండు నెలలకే క్లైట్‌మన్ మరణించాడు.

1948లో ఈయన డాగ్‌ఫిష్ అనే జలాంతర్గామిలో రెండు వారాలు గడిపి, వంతులవారీగా పనిచేసే నావికుల నిద్రను పరిశీలించాడు. వేసవిలో సూర్యుడు అస్తమించని నార్వే పట్టణం ట్రోమ్సోలో ప్రజల నిద్రా సమయాలపై చేసిన అధ్యయనాన్ని 1953లో ప్రచురించాడు.

మంచం కదలికలు, ఉదయపు ప్రశ్నలు

క్లైట్‌మన్ పరిశోధనలలో తక్కువగా ప్రస్తావించబడేది, ప్రశ్నావళుల చరిత్రలో మాత్రం ముఖ్యమైనది, 1937లో సహచరులతో కలిసి ప్రచురించిన నిద్రా లక్షణాల అధ్యయనం. మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ యంత్రాలు అప్పటికి అరుదు. నిద్రించే వ్యక్తి ఎన్నిసార్లు కదిలాడో తెలిపే సాధనాలను మంచాలకు అమర్చారు. ఉదయం లేవగానే ఆ వ్యక్తి కొన్ని ప్రశ్నలకు సమాధానాలు రాసేవాడు. తొందరగా నిద్ర పట్టిందా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, కలలు వచ్చాయా, లేచాక అలసట తీరినట్లున్నదా వంటివి ఆ ప్రశ్నలు. ఇలా ఎన్నో రాత్రుల వివరాలు సేకరించారు.

మంచం చెప్పినది ఒకటి, మనిషి చెప్పినది ఒకటి కావటం ఇందులో తరచు కనిపించింది. ఒకే వ్యక్తి విషయంలో కూడా రాత్రికీ రాత్రికీ తేడాలుండేవి. కాబట్టి ఒక్క రాత్రి కొలతతో ఎవరి నిద్రనూ నిర్ణయించరాదన్నది ఈ అధ్యయనం నేర్పిన పాఠం. నేటి నిద్రా దినచర్య పుస్తకాలకు, ప్రశ్నావళులకు ఇటువంటి ప్రయత్నాలే పునాది.

రెమ్ నిద్ర ఆవిష్కరణ

1950ల ఆరంభంలో యూజీన్ ఆసెరిన్‌స్కీ (1921 - 1998) క్లైట్‌మన్ వద్ద పరిశోధక విద్యార్థిగా చేరాడు. నిద్రలోకి జారుకునే పసిపిల్లల కనురెప్పల కదలికలను గమనించమని క్లైట్‌మన్ అతనికి పని అప్పగించాడు. విశ్వవిద్యాలయ భవనంలో మూలన పడి ఉన్న పాత ఈఈజీ యంత్రాన్ని బాగుచేసుకుని ఆసెరిన్‌స్కీ తన ఎనిమిదేళ్ళ కొడుకు ఆర్మండ్‌పై ప్రయోగాలు చేశాడు. గాఢంగా నిద్రిస్తున్న పిల్లవాడి కళ్ళు కొంతసేపు వేగంగా కదలటం, ఆ సమయంలో మెదడు తరంగాలు మెలకువలో మాదిరిగా ఉండటం గమనించాడు.

క్లైట్‌మన్ దీనిని వెంటనే నమ్మలేదు. యంత్ర దోషం కావచ్చునని అనుమానించాడు. తన కుమార్తె ఎస్తర్‌ను నిద్రింపజేసి, తానే స్వయంగా పరిశీలించి ధ్రువపరచుకున్న తరువాతనే ప్రచురణకు అంగీకరించాడు. వారిద్దరి పేర్లతో ఈ పరిశోధనా పత్రం 1953 సెప్టెంబరు 4న సైన్స్ పత్రికలో వెలువడింది. పత్రంలో ఆసెరిన్‌స్కీ పేరు ముందున్నది. ఆ తరువాత ఆసెరిన్‌స్కీ షికాగో విడిచి వెళ్ళాడు. ఈ ఆవిష్కరణలో గురుశిష్యులలో ఎవరి వాటా ఎంత అనే చర్చ చాలాకాలం సాగింది. మొదటి పరిశీలన ఆసెరిన్‌స్కీదని, దానిని నమ్మదగిన శాస్త్రంగా నిలబెట్టినది క్లైట్‌మన్ ప్రయోగశాల అని ఇప్పుడు సాధారణంగా అంగీకరిస్తారు.

మరొక శిష్యుడు విలియం డిమెంట్‌తో కలిసి క్లైట్‌మన్ 1957లో ప్రచురించిన పత్రాలు ఈ పరిశోధనను ముందుకు తీసుకుపోయాయి. నిద్రలో దశలు రాత్రంతా సుమారు 90 నిమిషాలకు ఒకసారి చక్రంలా తిరుగుతాయని చూపారు. రెమ్ దశలో 191 సార్లు లేపగా 152 సార్లు కల గుర్తున్నదని చెప్పారు. ఇతర దశలలో 160 సార్లు లేపగా 11 సార్లు మాత్రమే అలా చెప్పారు. రెమ్ దశ మొదలై 5 నిమిషాలు అయిందా, 15 నిమిషాలు అయిందా అని అడిగితే ఎక్కువసార్లు సరిగానే చెప్పగలిగారు. అంటే నిద్ర లేచిన వెంటనే అడిగితే మనిషి మాటకు, యంత్రం గీతకు మంచి పొంతన కుదిరింది. గడిచిన నెలరోజుల నిద్ర గురించి అడిగితే అంత పొంతన కుదరదని తరువాతి కాలపు ప్రశ్నావళులు చూపించాయి.

రచనలు

నిద్ర, మెలకువలపై క్లైట్‌మన్ రచించిన స్లీప్ అండ్ వేక్‌ఫుల్‌నెస్ అనే గ్రంథం 1939లో వెలువడింది. నిద్రా శాస్త్రంలో ఇది తొలి సమగ్ర గ్రంథం. 1963లో ప్రచురించిన సవరించిన ముద్రణలో 4,337 పరిశోధనా రచనలను ప్రస్తావించాడు. ఒకే వ్యక్తి ఇన్నింటిని చదివి క్రోడీకరించటం అసాధారణమైన విషయం. నిద్రలోనే కాక మెలకువలో కూడా సుమారు గంటన్నరకు ఒకసారి విశ్రాంతి, చురుకుదనాల చక్రం నడుస్తుందని ఈయన ప్రతిపాదించాడు. ఈ సిద్ధాంతాన్ని పునస్సమీక్షిస్తూ 1982లో, 87 ఏళ్ళ వయసులో, ఒక వ్యాసం ప్రచురించాడు.

వృద్ధాప్యం

క్లైట్‌మన్ 1960లో పదవీ విరమణ చేసి తరువాత కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో నివసించాడు. 1995లో, వందేళ్ళ వయసులో, నిద్రా శాస్త్రవేత్తల వార్షిక సమావేశానికి హాజరయ్యాడు. నిద్రా వైద్యానికి విశేష సేవ చేసినవారికి ఈయన పేరిట అమెరికాలో పురస్కారం ఇస్తున్నారు. ఈయనకు నోబెల్ బహుమతి లభించలేదు. 1999 ఆగష్టు 13న లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు.

వృద్ధుల నిద్ర - ప్రశ్నావళులు

క్లైట్‌మన్ విశ్రాంత జీవితం గడుపుతున్న కాలంలో నిద్రా పరిశోధన రెండు పాయలుగా విస్తరించింది. ఒకటి, ఒంటికి తీగలు అమర్చి మెదడు, కళ్ళు, కండరాలు, శ్వాస మొదలైనవాటిని రాత్రంతా నమోదు చేసే పాలీసోమ్నోగ్రఫీ. రెండవది ప్రశ్నావళి. మొదటిది ఖర్చుతో కూడినది. 85 ఏళ్ళ వ్యక్తిని కొత్త గదిలో, తీగల మధ్య పడుకోబెడితే ఆ రాత్రి నిద్ర మామూలు నిద్ర కాదు. అందుచేత పెద్ద సంఖ్యలో వృద్ధులను పరిశీలించాలంటే ప్రశ్నావళి తప్పనిసరి అయింది.

వీటిలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది డేనియల్ బైసీ తదితరులు 1989లో ప్రకటించిన పిట్స్‌బర్గ్ నిద్రా నాణ్యత సూచిక. ఇందులో గడిచిన నెలరోజుల గురించి 19 ప్రశ్నలుంటాయి. వాటి నుండి ఏడు అంశాలకు 0 నుండి 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 21. మార్కులు ఎక్కువైతే నిద్ర బాగా లేదని అర్థం. 5 దాటితే నాణ్యత లేని నిద్రగా లెక్కిస్తారు. 1991లో వెలువడిన ఎప్‌వర్త్ కొలమానం పగటి మగతను ఎనిమిది ప్రశ్నలతో అంచనా వేస్తుంది. 1988 నాటి జెంకిన్స్ కొలమానంలో నాలుగు ప్రశ్నలే ఉన్నాయి.

వృద్ధుల విషయంలో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో గమనించవచ్చు. 85 ఏళ్ళ వృద్ధురాలు రాత్రి 9 గంటలకు పడుకుని ఉదయం 5 గంటలకు లేస్తుంది. ఈ 8 గంటలలో నిద్రపోయేది 5 గంటలు. నిద్ర వ్యవధి 5 నుండి 6 గంటల మధ్య ఉన్నందుకు 2 మార్కులు. పడకపై గడిపిన కాలంలో నిద్ర 62.5 శాతమే, అంటే 65 కంటే తక్కువ కనుక 3 మార్కులు. మూత్ర విసర్జనకు తరచు లేస్తున్నందుకు 1 మార్కు. మొత్తం 6. తన నిద్ర బాగానే ఉన్నదని ఆమె చెప్పినా, పడుకోగానే నిద్ర పట్టినా, మాత్రలు వాడకపోయినా, పగలు మగత లేకపోయినా సూచిక మాత్రం ఆమెను నిద్ర సరిగా లేనివారి జాబితాలో చేరుస్తుంది. ఇల్లు సద్దుమణిగాక వేరే పని లేక ఆమె తొందరగా పడక చేరుతున్న సంగతి ఈ మార్కులలో కనిపించదు.

దీనికి విరుద్ధమైన సమస్య కూడా ఉన్నది. వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గుతుందని, మెలకువలు పెరుగుతాయని పాలీసోమ్నోగ్రఫీ ఫలితాలు చూపుతాయి. 2004లో మారిస్ ఒహయోన్ బృందం 5 నుండి 102 ఏళ్ళ వయసు గల 3,577 మందికి సంబంధించిన 65 అధ్యయనాలను క్రోడీకరించింది. 60 ఏళ్ళు దాటిన తరువాత మారుతూ పోయేది ముఖ్యంగా పడకపై గడిపిన కాలంలో నిద్ర శాతమేనని అందులో తేలింది. అయితే 80 ఏళ్ళు దాటిన ఆరోగ్యవంతులపై బైసీ తదితరులు 1991లో ప్రచురించిన పరిశోధనలో, యంత్రం చూపినంత లోపాన్ని వృద్ధులు తమ సమాధానాలలో చెప్పలేదు. వారిలో ఎక్కువమంది తమ నిద్ర పట్ల తృప్తిగానే ఉన్నారు. ఈ వయసుకు ఇంతే అని సర్దుకుపోవటం ఇందుకు ఒక కారణం కావచ్చును. నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు ఉన్నవారు కూడా ఇలాగే సర్దుకుపోతే జబ్బు బయటపడదు.

అతి వృద్ధులను ప్రశ్నించటంలో మరికొన్ని ఇబ్బందులున్నాయి.
* మతిమరుపు ఉన్నవారికి నెలరోజుల సంగతి గుర్తుండదు. వారి బదులు కుటుంబ సభ్యులు చెప్పవలసి వస్తుంది. వేరే గదిలో పడుకునేవారికి రాత్రి సంగతి తెలియదు.
* గురక, శ్వాస ఆగటం వంటివాటిని పక్కన పడుకునేవారే చెప్పగలరు. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారికి ఆ సాక్ష్యం లేదు.
* చూపు, వినికిడి తగ్గినవారికి, చదువు రానివారికి ప్రశ్నలు చదివి వినిపించాలి. చదివేవారి ఎదుట మొహమాటం వలన సమాధానం మారవచ్చు.
* కీళ్ళ నొప్పి, దిగులు, మందుల ప్రభావం వంటివి నిద్ర మార్కులలో కలిసిపోతాయి.

ఈ కొలతలో పొరపాటు జరిగితే నష్టపోయేది వృద్ధులే. మార్కులు చూసి నిద్రమాత్రలు ఇస్తే రాత్రివేళ తూలి పడటం, తుంటి ఎముక విరగటం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. బెంజోడయాజిపీన్ తరగతి మాత్రలను సాధ్యమైనంతవరకు వృద్ధులకు ఇవ్వరాదని అమెరికా వృద్ధాప్య వైద్య సంఘం వారి బీర్స్ జాబితా సూచిస్తుంది. అసలు ఫిర్యాదునే వయసు మీద నెట్టివేస్తే దిగులు జబ్బు, శ్వాస జబ్బు వంటివి చికిత్స లేకుండా మిగిలిపోతాయి. అందుచేత ప్రశ్నావళిని వడపోతకు మాత్రమే వాడి, ఒకటి రెండు వారాల నిద్రా దినచర్యను, అవసరమైతే మణికట్టుకు ధరించే కదలికల సాధనాన్ని, వైద్యుని పరీక్షను దానికి జోడించటం మంచి పద్ధతి. మంచం కదలికలను, మనిషి మాటను అనేక రాత్రుల పాటు కలిపి చూసిన 1937 నాటి క్లైట్‌మన్ పద్ధతికి ఇది దగ్గరగా ఉన్నది.

తెలుగు ప్రాంతాలలో

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో 60 ఏళ్ళు దాటినవారు సుమారు 10.4 కోట్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశమంతటా 45 ఏళ్ళు దాటినవారిపై 2017-18లో మొదటి విడతగా జరిగిన లాసీ సర్వే 72 వేల మందికి పైగా ప్రజలను ప్రశ్నించింది. ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ తదితర సంస్థలు దీనిని నిర్వహించాయి. ఇందులో నిద్రకు సంబంధించి జెంకిన్స్ కొలమానం తరహా ప్రశ్నలున్నాయి. హైదరాబాదులో జూబ్లీ హిల్స్ వంటి ప్రాంతాలలోని పెద్ద ఆసుపత్రులలో పాలీసోమ్నోగ్రఫీ సౌకర్యం ఉన్నప్పటికీ, పల్లెలలోని వృద్ధులను చేరగలిగినది ప్రశ్నావళి మాత్రమే.

ప్రశ్నావళిని తెలుగులోకి తేవటం కేవలం అనువాదంతో పూర్తయ్యే పని కాదు. పిట్స్‌బర్గ్ సూచిక గడియారం ప్రకారం సమయాలను అడుగుతుంది. తెల్లవారుజాము, తొలికోడి కూత, పొద్దు వాలటం వంటి గుర్తులతో కాలాన్ని చెప్పే వృద్ధుల సమాధానాన్ని గంటలలోకి మార్చటం ప్రశ్నించేవారి పని అవుతుంది. నిద్ర నాణ్యతకు తెలుగులో కునుకు, కోడికునుకు, మగత, మాగన్ను, కలతనిద్ర, గాఢనిద్ర, ఒళ్ళెరుగని నిద్ర అని అనేక మాటలున్నాయి. బాగుంది, బాగాలేదు అనే నాలుగు మెట్ల కొలతలో ఈ తేడాలు ఇమడవు. ఈ సూచిక నిద్ర వ్యవధిని రాత్రికి మాత్రమే లెక్కిస్తుంది. మధ్యాహ్న భోజనం తరువాత గంటసేపు నడుం వాల్చే అలవాటు ఉన్నవారి నిద్రలో ఆ భాగం లెక్కకు రాదు.

వృత్తి కూడా సమాధానాలను మార్చగలదు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన తరువాత జూబ్లీ హిల్స్, ఫిలిం నగర్ ప్రాంతాలు దానికి కేంద్రమయ్యాయి. రాత్రి షూటింగులు, తెల్లవారుజామున మేకప్పు, ఊరూరా తిరిగే అవుట్‌డోర్ పనులతో నటీనటులు, సాంకేతిక నిపుణులు, లైట్‌మెన్ వంటి కార్మికుల నిద్రవేళలు కాల్‌షీట్లను బట్టి మారుతూ ఉంటాయి. జలాంతర్గామిలో వంతులవారీగా పనిచేసే నావికులలో క్లైట్‌మన్ పరిశీలించిన సమస్య ఇటువంటిదే. ఇలాంటి వృత్తులలో జీవితమంతా గడిపి వృద్ధులైనవారిని మామూలుగా ఎన్ని గంటలకు నిద్రిస్తారని అడిగితే, మామూలు అన్న మాటకు వారి అర్థం వేరుగా ఉండవచ్చును.

ముఖ్య సంఘటనలు

* 1895: కిషినేవ్‌లో జననం
* 1915: అమెరికాకు రాక
* 1923: షికాగో విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు
* 1925: అదే విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరిక
* 1937: నిద్రా లక్షణాల అధ్యయన ప్రచురణ
* 1938: మామత్ గుహ ప్రయోగం
* 1939: స్లీప్ అండ్ వేక్‌ఫుల్‌నెస్ గ్రంథ ప్రచురణ
* 1948: డాగ్‌ఫిష్ జలాంతర్గామిలో పరిశీలన
* 1953: రెమ్ నిద్రపై పరిశోధనా పత్రం
* 1957: డిమెంట్‌తో కలిసి నిద్రా చక్రాలపై పత్రాలు
* 1960: పదవీ విరమణ
* 1963: స్లీప్ అండ్ వేక్‌ఫుల్‌నెస్ సవరించిన ముద్రణ
* 1999: లాస్ ఏంజెలెస్‌లో మరణం

ఇవి కూడా చూడండి

* నిద్ర
* నిద్రలేమి
* కల
* వృద్ధాప్యం
* జీవగడియారం